జేబులో ఉండాల్సిన తోడు

థీమ్ పార్కులో ఒక రైడు క్యూ మలుపు తిరిగే చోట గోడకి ఆనుకుని నాలుగు రోజులు నిలబడ్డాను. అప్పట్లో నా పని అదే. పార్కుకి వచ్చేవాళ్ల కోసం ఫోన్లో ఉండే ఒక డిజిటల్ తోడుని తయారుచేసే టీమ్‌లో ఉన్నాను. పొద్దున గేటు దగ్గర పలకరించి రాత్రి బయటికి వెళ్ళేదాకా వెంట ఉండే బొమ్మ పాత్ర అది. మాట్లాడుతుంది, ప్రశ్నలు వేస్తుంది, ఎటు వెళ్ళాలో చెబుతుంది, క్యూలో ఆటలాడిస్తుంది. ఆఫీసులో కూర్చుని చూస్తే అంతా బాగానే ఉంది. ఒక్కో కుటుంబం రోజుకి దాన్ని ఎన్నిసార్లు తెరుస్తోందో చూపించే గ్రాఫు వారం వారం పైకి పోతోంది, మీటింగుల్లో అందరం దాన్నే చూసి సంతోషపడుతున్నాం. అయినా ఒకసారి మనుషుల మధ్య నిలబడి చూద్దామని వెళ్ళాను.

రెండో రోజు మధ్యాహ్నం నా ముందు ఒక నాన్న, ఆరేడేళ్ల పాప వచ్చి ఆగారు. ఆ మలుపు దగ్గర రైడు ట్రాక్ సరిగ్గా తలమీదుగా పోతుంది. బండి వెళ్ళినప్పుడల్లా గోడ సన్నగా వణుకుతుంది, ఎక్కినవాళ్ల కేకలు ఒక్క క్షణం మన మీద పడి దాటిపోతాయి. పాప ప్రతిసారీ తల పైకెత్తి "నాన్నా, అదిగో, అదిగో!" అంటోంది. నాన్న మా బొమ్మ అడిగిన క్విజ్‌లో ఉన్నాడు. ప్రశ్న ఏమిటంటే, ఈ రైడు ట్రాక్ ఏ రంగులో ఉంది? ఆయన ఫోన్ మీంచి కళ్ళు తీయకుండానే పాపని అడిగాడు, పాప చెప్పింది, ఆయన నొక్కాడు, మా బొమ్మ చప్పట్లు కొట్టింది. మా గ్రాఫులో అది మంచి మార్కే. బండి మూడుసార్లు వాళ్ల తలమీదుగా వెళ్ళింది, ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ప్రశ్న రాసింది నేనే. పైకి చూడమని చెప్పడానికే రాశాననుకున్నాను కూడా.

అప్పటినుంచి ఒకటే మాట నన్ను పట్టుకుంది, దాని గురించే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. పార్కులో తోడుగా ఉంటానని వచ్చే ఏ పరికరమైనా మనిషి చూపుని పార్కు మీదకి తిప్పాలి. తన మీదకే తిప్పుకుంటోందంటే అది ఎంత ముద్దుగా మాట్లాడినా తోడు కాదు. ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా ఆడుకోగలిగిన ఆటని అంతదూరం మోసుకొచ్చి చేతిలో పెట్టినట్టు అవుతుంది. వాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వస్తారు, ఆ ఒక్క రోజు కోసం నెలల ముందునుంచి ఎదురు చూస్తారు. అందులోంచి మనం తీసుకునే ప్రతి నిమిషానికీ జవాబు చెప్పుకోవాలి.

ఈ తోడు ఆలోచన కొత్తదేం కాదు. 2003లో వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పాల్ మిక్కీ అనే మెత్తటి బొమ్మ వచ్చింది. చంకలో పెట్టుకుని తిరగొచ్చు. పార్కులో అక్కడక్కడా కంటికి కనపడకుండా ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ పంపే పరికరాలు అమర్చారు, వాటిని పట్టుకునే సెన్సార్ బొమ్మ ముక్కులో ఉండేది. అలా తను ఎక్కడుందో బొమ్మకి తెలిసేది. ఏదైనా చెప్పాల్సి వస్తే సన్నగా వణికి కిలకిలా నవ్వేది, అప్పుడు పొట్ట నొక్కితే సంగతి చెప్పేది. ఊరేగింపు మొదలవబోతోందనో, ఎదురుగా ఉన్న రైడు గురించి ఒక చిన్న ముచ్చటో. 2008లో దాన్ని ఆపేశారు. స్మార్ట్‌ఫోన్లు జేబుల్లోకి రావడం మొదలైంది ఆ రోజుల్లోనే, తరవాత ఇలాంటి పనులన్నీ ఫోన్ తెర మీదకి చేరిపోయాయి.

ఆ బొమ్మ డిజైన్ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. దానికి తెర లేదు కాబట్టి కళ్ళు ఖాళీగా ఉండేవి. మాట్లాడేముందు అడిగేది, అదీ మాటలతో కాకుండా ఒక చిన్న వణుకుతో. పిల్లాడు ఏదో చూస్తూ మైమరిచి ఉంటే ఆ వణుకుని పట్టించుకోకుండా ఉండొచ్చు, దానివల్ల నష్టమేమీ లేదు, ఎర్ర చుక్కలో ఒక అంకె వచ్చి కూర్చోదు, రాత్రికి చూస్తే పదిహేడు మెసేజీలు పేరుకుని ఉండవు. పైగా అది చెప్పేదంతా చుట్టూ ఉన్నదాని గురించే. ఇప్పటి ఫోన్‌లో దానికన్నా వేల రెట్లు శక్తి ఉంది, ఆ మర్యాద మాత్రం లేదు.

క్యూ దగ్గరే ఇంకాసేపు ఉందాం, ఎందుకంటే పార్కు రోజులో ఎక్కువ భాగం గడిచేది అక్కడే. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో ఎదురుచూపుల మనస్తత్వం గురించి ఒక వ్యాసం రాశారు. ఖాళీగా గడిపే సమయం పనిలో గడిచే సమయం కన్నా పొడుగ్గా అనిపిస్తుంది, ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదాని కన్నా కష్టం, కారణం చెప్పని ఆలస్యం చెప్పినదాని కన్నా కష్టం, అన్యాయం జరుగుతోందనిపిస్తే ఇంకా కష్టం, ఒంటరిగా చూసే ఎదురుచూపు నలుగురితో కలిసి చూసేదానికన్నా పొడుగు. మా రంగంలో వాళ్లందరికీ ఇది తెలుసు. కానీ మేమందరం మొదటి వాక్యం ఒక్కటే పట్టుకున్నాం. సమయం ఖాళీగా ఉండకూడదు, కాబట్టి ఆట పెట్టు. మిగతా నాలుగూ వదిలేశాం. నిజానికి ఒక కుటుంబంలోని నలుగురూ కలిసే క్యూలోకి వచ్చారు, మేం ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఆట పెట్టి నలుగురు ఒంటరివాళ్లని చేశాం.

దానికి బదులు ఏం చేయొచ్చు? నా అనుభవంలో క్యూలో బాగా పనిచేసింది గట్టిగా చదివి వినిపించడానికి రాసిన మాటలు. ఫోన్ సాధారణంగా ఒక్కరి దగ్గరే ఉంటుంది, అమ్మ దగ్గరో నాన్న దగ్గరో. అందుకని తోడు చెప్పే మాట ఆ ఒక్కరి కోసం కాకుండా ఆ ఒక్కరు మిగతావాళ్లకి చదివి చెప్పడానికి వీలుగా ఉండాలి. "మీ నలుగురిలో ఎవరు ముందు సీట్లో కూర్చుంటారు? బండి మళ్ళీ వచ్చేలోపు తేల్చుకోండి." అంతే, ఆ మాట చెప్పి తోడు నోరు మూసుకుంటుంది. తరవాత ఐదు నిమిషాలు వాళ్లలో వాళ్లే పోట్లాడుకుంటారు, బతిమాలుకుంటారు, చీట్లు వేసుకుంటారు. యాప్ లెక్కలో అది ఒక్కసారి తెరిచినట్టు. గోడ దగ్గర నిలబడి చూసినవాళ్లకి మాత్రం అది ఐదు నిమిషాల పండగ.

చేతితో చేసే పనులు ఇంకా మేలు. 2014లో ఆర్లాండోలోని యూనివర్సల్ పార్కులో వచ్చిన మంత్రదండాలు చూడండి. దండం కొసన ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెనక్కి పంపే చిన్న పూస ఉంటుంది, దుకాణం కిటికీలో దాచిన కెమెరా దాని కదలికని చూస్తుంది, చెయ్యి సరిగ్గా తిప్పితే కిటికీలో ఏదో ఒకటి కదులుతుంది. పిల్లల కళ్ళు కిటికీ మీదే ఉంటాయి, దండం మీద కూడా ఉండవు. 2021 మార్చిలో ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ జపాన్‌లో తెరిచిన సూపర్ నింటెండో వరల్డ్‌లో చేతికి ఒక పట్టీ కట్టుకుంటారు, తలమీద ఉన్న ప్రశ్నార్థకపు డబ్బాని కిందనుంచి గుద్దితే నాణెం మోగుతుంది. లెక్కంతా ఫోన్‌లోని యాప్‌లో పడుతుంది, కానీ గుద్దే క్షణంలో ఫోన్‌తో పనిలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. ఫోన్ జ్ఞాపకం పెట్టుకోవాలి, ఆట బయట జరగాలి.

ఇంకా వెనక్కి వెళ్తే డిజిటల్ అనే మాట పుట్టకముందు ఉన్న ఒకటి నాకు బాగా ఇష్టం. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 1959 నుంచి హొల్లె బొల్లె ఖైస్ అనే చెత్తబుట్ట ఉంది. నోరు బార్లా తెరిచిన బొద్దు మనిషి బొమ్మ, "కాగితం ఇక్కడ" అని పిలుస్తూ ఉంటుంది, కాగితం ముక్క నోటి దగ్గర పెడితే గాలితో లోపలికి లాక్కుని థాంక్స్ చెబుతుంది. పిల్లలు చెత్త ఏరుకుని మరీ దాని దగ్గరికి పరిగెత్తుతారు. దానికి తెలిసింది రెండే మాటలు. మన బొమ్మకి కొన్ని వేల వాక్యాలు రాసి పెట్టాం, అంత ప్రేమని తెచ్చుకోలేకపోయింది.

ఇక దారి చూపించే విషయం. చాలామంది ఈ తోడుని అడిగేది ముందుగా ఇదే, ఇప్పుడు ఎటు వెళ్దాం అని. వినడానికి తేలిక ప్రశ్న. ఎదురుచూపు లెక్కకి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం ఉంది. క్యూలో 600 మంది ఉండి, రైడు గంటకి 1,200 మందిని ఎక్కించుకోగలిగితే, చివర చేరినవాళ్లకి అరగంట పడుతుంది. ఇప్పుడు పార్కు ఇంకో మూల ఉన్న రైడుకి పది నిమిషాలే అని మన తోడు చెప్పిందనుకోండి, ఒక్కరికి చెబితే ఫరవాలేదు, ఒకేసారి కొన్ని వందల కుటుంబాలకి చెబితే అందరూ అటే నడుస్తారు. పదిహేను నిమిషాలు నడిచి చేరేసరికి అక్కడ నలభై నిమిషాల క్యూ ఉంటుంది, ఇక్కడ వదిలి వచ్చిన రైడు ఖాళీ అయిపోయి ఉంటుంది. వెంటనే తోడు మళ్ళీ ఇటు రమ్మంటుంది. పడవలో అందరూ ఒకే వైపుకి పరిగెత్తి, అది ఒరిగిందని మళ్ళీ రెండో వైపుకి పరిగెత్తినట్టు ఉంటుంది. మా మొదటి వెర్షన్ సరిగ్గా ఇలాగే చేసింది. ఎండలో పిల్లాణ్ణి భుజాన వేసుకుని రెండుసార్లు అటూ ఇటూ తిరిగిన ఒకాయన నాతో ఏమీ అనలేదు, ఫోన్ తీసి మా యాప్‌ని అక్కడే డిలీట్ చేశాడు.

దీనికి సాంకేతికంగా మందు ఉంది. క్యూలో ఉన్నవాళ్లతో పాటు దారిలో నడిచి వస్తున్నవాళ్లని కూడా లెక్కలో వేసుకోవాలి, ఒక్కో కుటుంబానికి ఒక్కో సలహా ఇవ్వాలి. కానీ అలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పడం మొదలుపెట్టగానే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఈ తోడు ఎవరి మనిషి? పార్కుకి తన అవసరాలు ఉంటాయి. ఖాళీగా ఉన్న మూలకి జనాన్ని పంపాలి, మధ్యాహ్నం వేళ షాపుల వైపు తిప్పాలి, ఒక షోకి సీట్లు నింపాలి. ఇవన్నీ తప్పేం కాదు, పార్కు నడవాలంటే కావాలి. తప్పెక్కడంటే, వాటిని పిల్లవాడు నమ్మిన బొమ్మ గొంతుతో, నీ కోసమే చెబుతున్నా అన్నట్టు చెప్పించడం. మా టీమ్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది. నేను పట్టుబట్టింది ఒక్కటే. షాపు గురించిన మాట ఏదైనా ఉంటే పార్కు పేరుతో మామూలు నోటీసులా రావాలి, బొమ్మ నోట రాకూడదు. ఖాళీ మూలకి పంపుతుంటే కారణం కూడా చెప్పాలి. "అటువైపు ఇప్పుడు జనం తక్కువ, నీడ కూడా ఉంది, కానీ పెద్ద రైడు దూరమవుతుంది." అలా నిజం చెప్పినప్పుడు చాలామంది వెళ్ళారు కూడా. మైస్టర్ చెప్పిన కారణం, న్యాయం అనే రెండు మాటలూ ఇక్కడే పనికొస్తాయి.

1999లో డిస్నీ పొడుగు క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ తెచ్చినప్పుడు అది ఒక కాగితం చీటీ. ఫలానా టైముకి రమ్మని దానిమీద ఉండేది, చీటీ జేబులో పెట్టుకుని ఆ మధ్య సమయంలో తిరిగి రావచ్చు. అమెరికాలోని వాళ్ల పార్కుల్లో 2021లో దాని స్థానంలో యాప్‌లో డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి వచ్చింది. డబ్బు సంగతి పక్కన పెడితే, డిజైన్ చేసేవాడిగా నన్ను బాధపెట్టేది ఇంకోటి. కాగితం చీటీ ఒకసారి చేతికొచ్చాక దాన్ని మళ్ళీ మళ్ళీ చూడక్కర్లేదు. ఫోన్‌లో స్లాట్లు నిమిష నిమిషానికీ మారుతుంటాయి, ఇంతకన్నా మంచిది దొరుకుతుందేమోనని కుటుంబంలో ఒకరు రోజంతా తల వంచుకునే ఉంటారు. ఆ ఒకరికి ఆ రోజు సెలవు లేనట్టే. తోడు అనేది ఉంటే ఆ బరువు అది మోయాలి. మంచి స్లాట్ దొరికితే తీసుకుని ఊరుకోవాలి, నడవాల్సిన సమయం వచ్చినప్పుడు ఒక్కసారి కదిలించాలి.

ఇప్పుడు నాకు ఇంకా గుచ్చుకునే ఒక సంగతి చెబుతాను. మూడో రోజు, ఒక పెద్ద రైడు ముందు. ఎత్తు కొలిచే కర్ర దగ్గర ఒక బాబు నిలబడ్డాడు. అక్కడ నియమం 102 సెంటీమీటర్లు, చాలా పార్కుల్లో ఇలాంటి కొలతే ఉంటుంది. బాబు ఒక వేలెడు తక్కువున్నాడు. ఉద్యోగి మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చెప్పింది, వచ్చేసారికి నువ్వే ముందు ఎక్కుతావు అని. బాబు ఏడవలేదు. అమ్మ చేతిలోని ఫోన్‌ని చూపించి, "మరి అది రమ్మంది కదా" అన్నాడు. వాళ్లు అప్పటికే యాభై నిమిషాలు క్యూలో ఉన్నారు. ఆ యాభై నిమిషాలూ మా బొమ్మ వాడికి రైడు కథ చెబుతూనే ఉంది, నువ్వే ఈ బండికి కెప్టెన్‌వి అంటూ ఊరించింది. వాడి ఎత్తు ఎంతో మేం అడగలేదు. పేరు అడిగాం, ఇష్టమైన రంగు అడిగాం, పుట్టినరోజు అడిగాం, ఎత్తు అడగలేదు.

ఆ రాత్రే ఫారం మార్చాం. ఇప్పుడు మొదటే ఎత్తు అడుగుతాం. సరిపోని రైడుల ఊసు తోడు ఎత్తదు, పిల్లవాడి ముందు "నువ్వు దీనికి సరిపోవు" అనే మాట అసలు రాదు, అమ్మానాన్నలకి మాత్రం వేరేగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు ఎక్కాలనుకుంటే ఒకరి తరవాత ఒకరు, మళ్ళీ క్యూ కట్టకుండా మారి ఎక్కే పద్ధతి చాలా పార్కుల్లో ఉంది, సగంమందికి ఆ సంగతే తెలీదు. దాన్ని సరైన సమయంలో చెప్పడం తోడు చేయగల మంచి పనుల్లో ఒకటి.

దీన్ని బట్టే ఈ మధ్య ప్రతి మీటింగులో వినపడే మాటకి కూడా జవాబు చెబుతాను. పెద్ద లాంగ్వేజ్ మోడల్, అంటే చాట్‌జీపీటీ లాంటివాటి వెనకుండి మాటలు అల్లే ప్రోగ్రామ్, ఒకటి వెనకాల పెడితే అన్నీ అదే చూసుకుంటుంది అంటున్నారు. మాట తీరుకి అది బాగుంటుంది, నేను కాదనను. పిల్లలు అడిగే వింత ప్రశ్నలకి ముందే రాసిపెట్టిన జవాబులు ఏ మూలకీ చాలవు. కానీ అది తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెబుతుంది. ఎత్తు నియమం, గుండె జబ్బు హెచ్చరిక, మూసేసిన రైడు, బయటికి వెళ్ళే దారి, ప్రథమ చికిత్స గది, ఇలాంటివి ఒక్కటి కూడా దాని సొంత జ్ఞానంలోంచి రాకూడదు. పార్కు ఉద్యోగులు పొద్దున్నే సరిచూసిన పట్టికలోంచి ఉన్నది ఉన్నట్టు రావాలి. పట్టికలో లేకపోతే, ఎదురుగా ఉన్న ఉద్యోగిని అడగండి అని చెప్పాలి. అలా చెప్పడం ఓటమి అనుకునేవాళ్లు ఉన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ బాబుతో మాట్లాడిన అమ్మాయిని వాళ్లు చూసి ఉంటే అలా అనుకోరు.

పిల్లల మనసు గురించి ఇంకా జాగ్రత్త కావాలి. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ రాశారు. అవతలివాళ్లు టైపు చేసిన మాటల్నే కాస్త మార్చి ప్రశ్నగా తిరిగి అడిగేది, అంతకన్నా ఏమీ లేదు. అయినా పెద్దవాళ్లు దానితో మనసు విప్పి మాట్లాడటం చూసి ఆయనే కంగారుపడ్డారు. పెద్దవాళ్లే అలా అయితే ఐదేళ్ల పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. మా స్క్రిప్టులో గేటు దాటేటప్పుడు బొమ్మ ఒక మాట అనేది, "నువ్వు వెళ్ళిపోతే నాకు బెంగగా ఉంటుంది" అని. బొమ్మని పరీక్షించి చూసేటప్పుడు ఒక పాప అది విని నిజంగానే గేటు దగ్గర ఆగిపోయింది, ఎంత లాగినా కదల్లేదు. రాసినప్పుడు అందరికీ అది ముద్దుగా అనిపించింది. తీసేశాం. లేని బెంగని ఉందని చెప్పి పిల్లల్ని వెనక్కి లాగడం నాకు ఏ విధంగానూ సరిగా తోచదు.

చట్టాలు కూడా ఇటువైపే చూస్తున్నాయి. పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని అమెరికా 1998లోనే చట్టం చేసింది. యూరప్ వాళ్ల డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో ఆ వయసు పదహారు, దేశాలు కావాలంటే పదమూడు దాకా తగ్గించుకోవచ్చు. భారతదేశం 2023లో చేసిన చట్టంలో పద్దెనిమిది. కానీ పార్కు తోడు విషయంలో అనుమతి ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. ఆ బొమ్మకి రోజంతా మీరు ఎక్కడున్నారో తెలుసు, ఎక్కడ ఎంతసేపు ఆగారో తెలుసు, పిల్లవాడు దేన్ని చూసి భయపడ్డాడో తెలుసు. ఆ రోజు నడవడానికి అది కావాలి. మర్నాటికి అక్కర్లేదు. పార్కు మూసేశాక ఆ కుటుంబం అడుగుల లెక్క చెరిగిపోవాలి, ఉంచుకోవాలనుకుంటే ఉంచుకునేది కుటుంబం.

చిన్న చిన్న విషయాలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ తెర సరిగా కనపడదు, అందుకని ముఖ్యమైనది ఏదైనా చెవికో చేతికో అందాలి. కొన్ని వేల ఫోన్లు ఒకేచోట ఉన్నప్పుడు నెట్‌వర్క్ నత్తలా నడుస్తుంది కాబట్టి మ్యాపు, నియమాలు, కథలు అన్నీ పొద్దున గేటు దగ్గరే ఫోన్‌లోకి దిగిపోవాలి. ఇనుప కట్టడాల మధ్య, కప్పుల కింద జీపీఎస్ తడబడుతుంది. బ్యాటరీ ఇరవై శాతానికి పడేసరికి అమ్మ ముఖంలో టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే టికెట్లు అందులోనే, ఫొటోలు అందులోనే, తప్పిపోయినవాళ్లకి ఫోన్ చేయాల్సింది దాంతోనే. వాళ్ల బ్యాటరీని మన బొమ్మ డాన్సుకి ఖర్చుపెట్టే హక్కు మనకి లేదు.

పిలుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నువ్వు, మీరు అనే తేడా ఉన్న భాషలన్నిట్లోనూ ఇది తలనొప్పే. ఇంగ్లీషు స్క్రిప్టు ఒకటి రాసి దాన్ని భాషల్లోకి దింపితే బొమ్మ అందరినీ ఒకేలా పిలుస్తుంది. బామ్మని నువ్వు అంటే ఆవిడ ఏమీ అనకపోవచ్చు, ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఐదేళ్లవాణ్ణి మీరు అంటే వాడికి అది స్నేహితుడిలా కాకుండా కౌంటర్లో కూర్చున్న మనిషిలా వినిపిస్తుంది. మేం చివరికి పిల్లలతో ఒక గొంతు, పెద్దలతో ఇంకో గొంతు రాశాం. అందరికీ కలిపి చెప్పేటప్పుడు "మీరంతా" అన్నాం. పని రెట్టింపు అయింది. అయినా చేయాల్సిందే.

చూపు లేనివాళ్లకి ఈ తోడు ఎంత చేయగలదో ఎవరూ పెద్దగా మాట్లాడరు. డిస్నీ పార్కుల్లో చేత్తో పట్టుకునే ఒక చిన్న పరికరం ఇస్తారు, మనం ఉన్న చోటుని బట్టి చుట్టూ ఏముందో అది వర్ణించి వినిపిస్తుంది. థీమ్ పార్కుల కోసం తయారైనవాటిలో నేను ఎక్కువ గౌరవించేది దాన్నే. అలా వర్ణించడానికి కూర్చున్నప్పుడే మాకు తెలిసింది, మా బొమ్మ ఇంతవరకూ తన గురించే మాట్లాడుతోంది తప్ప ఎదురుగా ఉన్న గోపురం గురించి ఒక్క మంచి వాక్యం చెప్పలేదని. ఆ వర్ణనలు రాశాక వాటినే చూపున్నవాళ్లకీ పెట్టాం, వినగానే తలలు పైకి లేచాయి.

కొన్ని నెలల తరవాత అదే గోడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి క్యూలో క్విజ్ లేదు. పైనుంచి బండి వచ్చే ముందు ఫోన్ జేబులోనే ఒక్కసారి వణుకుతుంది, అంతే. అదెందుకో క్యూ మొదట్లోనే ఒక్క వాక్యంలో చెబుతాం. రెండో వణుకుకే జనం తలలు పైకి తిరిగాయి, మూడో వణుకుకి పిల్లలు ముందే చెవులు మూసుకుని కాచుకుని ఉన్నారు. ఆ వారం మా గ్రాఫు బాగా కిందికి జారింది. మీటింగులో దాన్ని తెర మీద పెట్టి ఏమైందని అడిగారు. నేను క్యూలో తీసిన చిన్న వీడియో చూపించాను, ఫోన్లు కనపడని వీడియో. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఇంకా ఒప్పుకోలేదు. ఆ వాదన ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ఇప్పుడు పనిచేస్తున్నది ఇంకొకరి కోసం. ప్రతి పెద్ద రైడు బయటా ఒక బెంచీ ఉంటుంది, దానిమీద ఎక్కకుండా ఉండిపోయినవాళ్లు ఒకరు ఉంటారు, చాలాసార్లు బామ్మో తాతయ్యో. ఒళ్ళో నాలుగు బ్యాగులు, టోపీలు, అందరి ఫోన్లూ. రోజంతా తోడు లేనిది అసలు వాళ్లకే, మా యాప్ మాత్రం వాళ్లని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. మొన్న మొదటిసారి దాన్ని పెట్టి చూశాం. ఎక్కేవాళ్ల చేతి పట్టీ గేటు దగ్గర తగలగానే, ఒళ్ళో ఉన్న ఫోన్లలో ఒకటి మెల్లగా చెప్పింది: "మీవాళ్లు ఎక్కారండి. ఎడమవైపు, రెండో మలుపు దగ్గర కనపడతారు." బెంచీ మీదావిడ బ్యాగులు పక్కన పెట్టి లేచి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూసింది. బండి మలుపు తిరిగినప్పుడు చెయ్యి ఊపింది. పైనుంచి వాళ్లకి కనపడిందో లేదో నాకు తెలీదు, ఆవిడ మాత్రం బండి కనుమరుగయ్యేదాకా ఊపుతూనే ఉంది.